ఉప్పు కాగితం

విజయనగరం కంటోన్మెంటు, అయిదో అంతస్తు బాల్కనీలో
గోనె పరుచుకుని కూర్చున్నాను.
ముందు అది:
పసిపిల్లను పడుకోబెట్టేంత చెక్కగిన్నె.
"అద్దంలా మెరవాలి, ఆదివారం గృహప్రవేశం"
అన్నారు మేడం.

హాల్లో దానికోసం ముందే గూడు కట్టించారు,
పైనుంచి పసుప్పచ్చ లైటు
దాని ఒక్కదాని మీదే పడేలా.
అందులో ఏం పెడతారండీ అంటే
ఏమీ పెట్టరట. ఖాళీగానే బావుంటుందట.

ముప్పయ్యేళ్లుగా తలుపులకీ మంచాలకీ పాలిష్ పట్టినవాణ్ణి.
ఏ కర్రో వాసన చూసి చెబుతాను.
ఇది గుమ్మడి. తేలిక. ఎండకీ వానకీ ఏడవదు.
కానీ దీని మీద ఇంకో వాసన ఉంది,
పొగదో, పులిసిన చోడి అంబలిదో.
థిన్నరు గుడ్డతో మూడుసార్లు తుడిచాను.
పోలేదు. పోతుందనీ అనుకోలేదు.

ఎనభై నంబరు ఉప్పు కాగితం
అంచు మీద వేశానో లేదో
చెయ్యి ఆగింది.
అంచు ఒక్కచోటే పల్లం.
ఉలి తీసింది కాదు, ఉలి సంగతి నాకు తెలుసు.
బొటనవేలు పెట్టి చూశాను. సరిపోయింది.
ఎవరో అక్కడే పట్టుకుని వంచినట్టు,
ఎన్ని వందల పూటలో,
ఎడమచేత్తో.

అడుగున పగులు.
నూనెడబ్బా రేకు కత్తిరించి
చిన్న చిన్న మేకులతో వేసిన అతుకు.
రేకు మీద సగం నెమలి.
"అది పీకేసి లప్పం పెట్టెయ్యండి" అన్నారు మేడం,
కోపంగా కాదు, కాఫీ ఇస్తూ.

నాతో వచ్చే జిన్నారావుది గుమ్మలక్ష్మీపురం పైన కొండ.
ఇంటిపేరు నిమ్మక.
పొద్దుట్నుంచీ గిన్నె వంక చూడ్డం లేదు.
ఏటిదిరా అంటే
"ఏటుంది, పందులకి కుడితి పోసీది" అని నవ్వాడు.
నేనూ నవ్వాను, లోపలికి వినపడకుండా.
కాసేపటికి, లక్క కలుపుతూ కలుపుతూ,
"కాదు మేస్త్రీ.
కొత్త చోళ్లు ముందు దీన్లోనే పోసీవోరు.
మాయమ్మ సంతలో రెండు స్టీలు బేసిన్లకి ఇచ్చీసింది.
ఇదే అనను. ఇలాటిదే."

ఏది నిజమో అడగలేదు.

చీకటి పడేసరికి నాలుగు పూతలు.
లోపల, బయట, చెవుల్లాంటి పిడులు.
అద్దంలాగే వచ్చింది, నా పనని కాదు.
నెమలి రేకు పీకాను. లప్పం పెట్టాను.
కూలి లెక్కపెట్టుకున్నాను.
అడుగున మాత్రం, గూటికి ఆనే చోట,
ఎవరూ తిరగేసి చూడని రెండు అరచేతుల మేర
కాగితం వెయ్యలేదు.
చూస్తే బద్ధకమనుకుంటారు.

మెట్లు దిగుతుంటే జిన్నారావు జేబులో
ఏదో గలగలమంది.
మేకులు. వంకరపోయినవి. రేకుతో సహా.
"పారీడానికి" అన్నాడు.

గేటు పక్క చెత్తకుండీ దాటాం.
రింగురోడ్డు కూడా దాటాం.