ఏడో నంబరు

సెగెడ్‌లో నవంబరు. తీసా నది మీద పొగమంచు
మధ్యాహ్నమైనా లేవలేదు.
నేలమాళిగలో ఎతెల్కా
ఎలుక వెనకపాదంలోకి మిరప సారం ఎక్కించింది.
ఊరంతా ఎండబెట్టి, దంచి, అమ్ముకునే ఘాటే.
ఇక్కడ మైక్రోగ్రాముల లెక్క.

తర్వాత సీసా. ఏడో నంబరు.
పార్శ్వపునొప్పి మందో, ఉత్త ఉప్పునీరో
ఆమెకు తెలియదు.
తెలిసిన ఓదోన్
కవరు అంటించి సొరుగుకు తాళం వేశాడు.

సన్నటి నైలాను పోగుతో అరికాలు తాకుతుంది.
విదిలిస్తే ఒక గీత.
విదల్చకపోతే ఇంకాస్త లావు పోగు.
పొద్దుటినుంచీ ఇదే పని, కళ్ళు సగం మూసుకుని.
ట్యూబులైటు మేకులా దిగుతోంది
ఎడమ కణతలో.

అదే మందు, బిళ్ళగా, ఆమె పర్సులో ఉంది.
ఇవాళ వేసుకోలేదు.
ఎందుకంటే ఆమే చెప్పలేదు.

ఎలుక కళ్ళు చికిలించింది, చెవులు వెనక్కి వాల్చింది.
ఆ ముఖానికి మార్కులు వేసే పట్టిక ఒకటుంది:
సున్నా, ఒకటి, రెండు.
స్టీలు తలుపులో తన ముఖం కనబడింది ఎతెల్కాకు.
రెండు.

నలభయ్యో నిమిషాన
లావు పోగు విల్లులా వంగింది.
పాదం కదల్లేదు.
ఎలుక తీరిగ్గా మీసాలు దువ్వుకుంటోంది
పెళ్ళికి బయల్దేరినదానిలా.

ఉప్పునీరు కాదన్నమాట!
అనుకోకూడదు. అనుకుంది.
గీత లేదని మాత్రం రాసింది.

రేపు దాని మెదడును
ఉల్లిపొర కంటే పలుచగా కోయాలి.
ఆ పనీ ఆమెదే.

పంజరం మీద గుడ్డ కప్పుతూ
గొంతు తగ్గించి అడిగింది:
"తగ్గిందా?"

తర్వాత చీకట్లోనే, లైటు వేయకుండా,
పర్సు కోసం తడుముకుంది.