చలి పద్దు

భావనపాడు ఐసు ఫ్యాక్టరీలో
పద్దులు రాయడం నా పని.
ఎన్ని దిమ్మలు గడ్డకట్టాయి, ఏ బోటుకి ఎన్ని ఎక్కాయి,
ఎవరు అప్పు పెట్టారు.
ఆ పుస్తకం ఆఖరి పేజీలో మాత్రం
చేపలకి సంబంధం లేని లెక్క ఒకటుంది:

అంబ్రి, పద్నాలుగు గంటలు.
అంబ్రి, తొమ్మిది. వంజరాలు పడ్డాయి, గది ఖాళీ చెయ్యమన్నారు.
అంబ్రి, ఇరవై నాలుగు. తుఫాను జెండా ఎగరేశారు, వేట లేదు.

రాయించేది బమ్మిడి కూర్మయ్య, మా నైట్ వాచ్‌మన్.
పదిహేడేళ్లు మంచులో తుపాకీ మోసి
పెన్షన్ కాగితాలతో పాటు ఓ ఆపిల్ మొక్కని
తడి గోనెలో చుట్టి
మూడు రైళ్లు మారి
ఒళ్లో పెట్టుకుని పలాసలో దిగినవాడు.

నవ్వారు అందరూ.
జీడితోటల్లో ఆపిలేటి మావా,
ఉప్పుగాలికి కొబ్బరాకే మాడిపోతంటే, అని.
అతను మాత్రం నాతో అన్నాడు:
"మనది అన్నం ఆకలి, దీనిది సలి ఆకలమ్మా.
వెయ్యి గంటలు తింటే గానీ కన్ను తెరవదు."

మార్గశిరం రాగానే
ఆకులన్నీ తనే ఒక్కొక్కటీ తుంచేస్తాడు,
పసిదానికి పుట్టువెంట్రుకలు తీయించినట్టు.
నీలం డ్రమ్ముతో సహా చెట్టుని
చేపల బండి మీద తోసుకొచ్చి
దిమ్మల గది గుమ్మం పక్కన,
అమ్మోనియా గొట్టాలకి ఎడంగా, నిలబెడతాడు.
మా ఓనరు చూసీ చూడనట్టు పోయేవాడు.
ఒక్కసారే, "ఆ చెట్టు పేర కరెంటు బిల్లు రాయమ్మా" అన్నాడు.
రాశాను. కూర్మయ్య కట్టాడు.
మళ్లీ ఇద్దరూ ఆ మాటెత్తలేదు.

టీ తాగే వేళ కొండమీది పేర్లు చెప్పేవాడు.
ట్రంకుపెట్టెలో బట్టల మధ్య దాస్తే
ఉగాది దాకా వాసనొచ్చే అంబ్రి.
తలుచుకుంటేనే పళ్లు పులిసే మహరాజీ.
వేలు గట్టిగా ఆనితే కందిపోయే గోల్డెన్.
మన బజార్లో మైనం పూసుకుని మెరిసే ఎర్రది ఏదంటే
"అది పెళ్లికొడుకు లాంటిదమ్మా,
ఫొటోకి బాగుంటాది."

మూడేళ్లు ఆకులే.
నాలుగో ఏడు తెలిసింది
అంబ్రికి సొంత పుప్పొడి పనికిరాదని.
పక్కన వేరే పేరుది ఒకటి పూయాలి.
తోటలో అన్ని జాతులూ
రుచుల కోసం అనుకున్నాను నేను.

పాత దోస్తు ఎవరో పోస్టులో
నాచు చుట్టి గోల్డెన్ పుల్ల పంపాడు.
దాన్ని కింది కొమ్మకి అంటించి
కోక పీలికతో కట్టాడు. పట్టింది.
పట్టి, తొందరపడి,
అంబ్రి కన్నా తొమ్మిది రోజుల ముందే పూసింది.

నేనైతే ఏడ్చేదాన్ని.
కూర్మయ్య ఆ పూల పొడిని అగ్గిపెట్టెలోకి దులిపి
దిమ్మల గదిలో, మేకుకి వేలాడే సంచిలో దాచాడు.
ఆ తొమ్మిది రోజులూ లోపలికెళ్లిన ప్రతి కూలీకీ
ఒకటే హెచ్చరిక: బీడీ కోసం ఆ పెట్టె ముట్టుకోకండ్రా.

పదో రాత్రి నేను టార్చి పట్టుకున్నాను.
కోడి ఈకతో అయిదు పూలకీ అద్దాడు.
తుపాకీ పట్టిన చెయ్యి
అంత వణకడం నేనెప్పుడూ చూడలేదు.

రెండు పిందెలు నిలిచాయి, ఉసిరికాయంతవి.
చైత్రం ఎండ రేకుల మీద కొడుతోంది.
ఈ పొద్దున డ్యూటీ దిగుతూ వచ్చి
నా బల్ల మీద ఒకటి పెట్టాడు,
తొడిమ దగ్గర నల్లబడ్డది.
"రాయమ్మా. రాలింది ఒకటి.
ఉన్నది ఒకటి."

రాశాను. ఏ గడిలో రాయాలో తెలియక
గంటల గడిలోనే రాశాను.
బయట బోటు వాళ్లు కేకేస్తున్నారు.
నలభై దిమ్మలు, అప్పు.