మొదటి కత్తి

మ్యూజియం ఇచ్చిన కాగితం మీద
కత్తిని నిటారుగా గీశారు.
అసలుది మాత్రం మూడు మడతలు పడి
అద్దాల పెట్టెలో ముడుచుకు పడుకుంది.
చచ్చినవాడితో పాటు దాన్నీ చంపి పూడ్చారట,
వెయ్యేళ్ల కిందట, ఈ ఫ్యోర్డ్ ఒడ్డునే.

గున్వోర్‌కి ఆ కథలు పట్టవు.
బరువెంత, వెన్ను మందమెంత,
పిడికి నాలుగు వేళ్ల అవతల తూగుతుందా లేదా,
అంతవరకే ఆమె చరిత్ర.

నేను అప్పటికి రెండేళ్లుగా
వెన్న కత్తులు కొడుతున్నాను,
వేసవిలో ఓడ దిగే యాత్రికుల కోసం.
గొడ్డళ్లన్నీ ఆమెవి. గడ్డం గొడ్డలి, గండ్రగొడ్డలి,
దూలాలు చెక్కే ఒంటివాదర గొడ్డలి.
నాది సమ్మెట. ఆమె చిన్న సుత్తి
ఎక్కడ తాకితే నా దెబ్బ అక్కడ పడాలి.
తప్పితే తిట్టదు,
దాగలి మీద ఖాళీగా ఒక్కసారి మోగిస్తుంది.
తిట్టే నయం.

హాల్‌వార్ పడవలు కట్టేవాడు.
నవంబర్‌లో వచ్చి "ఆ కాగితంలోది కావాలి" అన్నాడు.
బయానాగా సగం డబ్బు, సగం ఎండబెట్టిన గొర్రె తొడ.
ఎందుకని ఆమె అడగలేదు.

మెలితిప్పిన మూడు కడ్డీల్ని పక్కపక్కన పేర్చి
ఇసుక చల్లి, తెల్లగా కాచి, అతికి,
అంచుకి ఉక్కు తొడిగింది.
అతుకు కుదిరిందో లేదో
చప్పుడే చెబుతుందని చెవి ఒగ్గేది.
డిసెంబర్‌లో మాకు మధ్యాహ్నం మూడింటికే రాత్రి.
కాలిన ఇనుము రంగు చూడ్డానికి
అంతకన్నా మంచి వెలుతురు లేదు.

నూనెలో ముంచిన రోజు ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
'టింగ్' మనలేదు.
పెదవి కింద పొగాకు దోపుకుని
ఆమె బయట మంచులో చాలాసేపు నిలబడింది.
సానబట్టాక మెలికలు తేలాయి,
ఒలిచిన హెర్రింగ్ చేప వెన్నెముకలా.

హాల్‌వార్ వచ్చాడు. వేలితో వాదర చూశాడు.
ఒక్కసారి గాలిలో తిప్పాడు, వణికే చెయ్యి వణకలేదు.
"బాగుంది" అన్నాడు. "ఇప్పుడు మడవండి."

మేం వినలేదనుకుని మళ్లీ చెప్పాడు:
"ఇలాగే వదిలితే మనవలు
టీవీ పైన మేకు కొట్టి తగిలిస్తారు.
ఆ తర్వాత ఎవడో అమ్ముకుంటాడు.
మడిస్తే ఎవడికీ పనికిరాదు, నాతోనే ఉంటుంది."
కాసేపాగి,
"పెట్టె నేనే చేసుకున్నాలే. నిటారుగా పట్టదు."
అది వేళాకోళమో కొలతో మాకు తెలియలేదు.

చల్లగా మడిస్తే విరుగుతుంది.
మళ్లీ ఎర్రగా కాచాలి,
ఎక్కించిన పదునంతా కొలిమికే తిరిగి ఇచ్చెయ్యాలి.
గున్వోర్ పట్టకారు అందుకుంది,
అందుకుని నా చేతిలో పెట్టింది.
"నువ్వు కానీ. నా చెయ్యి దాని పక్షమే."

ఎంత తేలిగ్గా వంగిందో!
అదే నాకు ఇప్పటికీ సిగ్గు.
రెండో మడతకి మెలికల అతుకు
చిన్నగా నోరు తెరిచింది.
హాల్‌వార్ పెదాలతో ఏదో లెక్క పెడుతున్నాడు,
పడవకి దిగేసే మేకుల్ని లెక్కపెట్టినట్టు.
గున్వోర్ కిటికీ తుడుస్తోంది.
ఆ కిటికీని ఎవరూ ఎప్పుడూ తుడవలేదు.

ఫిబ్రవరిలో ఆయన పోయాడు.
పెట్టె ఎత్తినప్పుడు లోపల ఇనుము కదిలింది.
చర్చి శ్మశానం చూసే ఆవిడ
గొంతు సవరించుకుంది, అంతే.

మర్నాడు నా దాగలి మీద ఒక కడ్డీ పడి ఉంది,
వెన్న కత్తికి మరీ పొడుగు.
ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు.
చీకటిపడేదాకా
నిటారుగా సాగగొట్టాలనే చూశాను.
కొన దగ్గర కాస్త వంకర
ఇప్పటికీ ఉంది.