తొంభై ఆరు: ఇతరములు

అట్టపెట్టె విప్పగానే డండీలో ఎర్రమట్టి రాలింది.
పొడిది, మెత్తనిది, కారం దంచేచోట పేరుకునేలాంటిది.
ఏప్రిల్ నెల. కిటికీ అవతల టే నది
నీలం కాదు, బూడిదా కాదు,
ఉతికీ ఉతికీ రంగు పోయిన బడి యూనిఫాం.

ఉగాండా నుంచి పదకొండు వందల ఫారాలు.
యాభైకొక కట్ట, కట్టకొక పురికొస.
ముడి లాగుతుంటే వేళ్ళకి తెలిసింది, జనపనార.
నెల్లిమర్ల మిల్లు సైరనుకి నిద్రలేచిన వేళ్ళివి,
పొరబడవు.
ఈ ఊళ్ళోనూ ఒకప్పుడు అన్నీ జూట్ మిల్లులేనట.
ఇప్పుడు వాటిల్లో ఫ్లాట్లు. ఒకదాన్లో నేను అద్దెకుంటాను.

నా పని తేలిక.
అవునుకి ఒకటి, కాదుకి రెండు,
తెలియదుకి తొంభై ఎనిమిది,
దేన్లోనూ ఒదగనిదానికి తొంభై ఆరు: ఇతరములు.
ఇతరముల పక్కన ఒక గీత ఉంటుంది,
జానెడు కూడా కాదు, బెత్తెడు.
ఫారాలు నింపే అసెకెన్యె ఆ బెత్తెడుతో సరిపెట్టుకోదు.
అంచుల్లోకి పాకుతుంది, మూల తిరుగుతుంది,
వెనక పేజీకి బాణం గుర్తు వేస్తుంది.

నిన్న రాత్రి దోమతెర కింద ఎవరు పడుకున్నారు?
"కోడిపిల్లలు, పదమూడు. నాకు నవ్వొచ్చింది.
ఆమె నవ్వలేదు. ఇవి పోతే ఫీజు ఎవరు కడతారు, అంది."
తొంభై ఆరు.

పిల్లవాడు నిన్న బడికెందుకు వెళ్ళలేదు?
"నిన్న చెప్పుల వంతు చెల్లెలిది."
తొంభై ఆరు.

ఇంట్లో ఎంతమంది?
"ఏడుగురు అంది. ఆగి, ఎనిమిది అంది.
ఎనిమిదో మనిషి గురించి నేను అడగలేదు. వాన మొదలైంది."
ఎనిమిది కొట్టి, ఏడు కొట్టి,
మళ్ళీ ఎనిమిది కొట్టాను.

మోరాగ్ మా పెద్ద. మంచి మనిషే.
ఇరవై ఏళ్ళు ఆ దారుల్లో తిరిగింది, రెండుసార్లు మలేరియా పడింది.
తొంభై ఆరులు ఐదు శాతం దాటితే
ప్రశ్నే తప్పంటుంది.
దాటాయి. పదకొండు.
"సరే, సర్దు" అంది. నిధులిచ్చేవాళ్ళకి జూన్‌లో రిపోర్టు కావాలి.
ఆమెను తప్పుపట్టలేను.
పోయిన లెక్కలవల్లే అక్కడొక ఆస్పత్రికి ఫ్రిజ్ వచ్చింది,
టీకాలు చెడిపోకుండా నిలిచాయి.

నాకు నాలుగేళ్ళప్పుడు, మిల్లు లాకౌటైన ఏడాది,
మెడలో టేపు వేసుకుని ఒకాయన మా లైన్లోకొచ్చాడు.
నా జబ్బ కొలిచాడు. పసుపురంగు దగ్గర ఆగింది.
"పసుపంటే మంచిదేనా బాబూ?" అమ్మ అడిగింది.
రాసుకుంటున్నాడు, వినబడలేదు.
పసుపు శుభమే కదా, అని తనే తీర్పు చెప్పుకుని కూడా
ఆ రాత్రి నుంచి తన గంజి సగం నా గిన్నెలో వంచింది.
ఏ ఊళ్ళో, ఏ బల్ల మీద
నా జబ్బ అంకె అయిందో ఇప్పటికీ తెలియదు.

చివరి ప్రశ్న: మమ్మల్ని ఏమైనా అడుగుతారా?
ఖాళీ. ఖాళీ. ఖాళీ.
నాలుగొందల పదిహేడో ఫారం:
"పోయినేడూ ఇవే అడిగారు. ఏమని తేలింది?"
దాని కింద, చిన్నగా,
"నేనూ అదే అడుగుతున్నాను. అసెకెన్యె."

ఫైల్లో ఆ మాటకి గడి లేదు.
కుడి చివర ఒకటి తెరిచాను.
పేరు ఎనిమిదక్షరాలు దాటకూడదంది కంప్యూటరు.
బాకీ, అన్నాను. తెలుగు లిపి ఒప్పుకోలేదు,
ఇంగ్లీషు అక్షరాల్లోకి మడిచి కూర్చోబెట్టాను.

వారం తర్వాత మోరాగ్ కనిపెట్టింది.
"ఈ బేకీ ఏమిటి?"
చెప్పాను.
కళ్ళజోడు తీసి తుడిచింది, శుభ్రంగా ఉన్నదాన్నే.
"చెరపకు" అంది. "రిపోర్టులో మాత్రం పట్టదు."

ఎర్రమట్టిని ఆ సాయంత్రమే క్లీనర్ తుడిచేసింది.
పురికొసలు ఇరవై రెండూ నా డ్రాయర్లో ఉన్నాయి.
సెప్టెంబరులో అసెకెన్యె మళ్ళీ ఆ గుమ్మం ముందు నిలబడుతుంది.
అప్పటిలోగా ఆమెకో జవాబు పంపాలి.
రెండు వాక్యాలు రాశాను.
ఒకటి కొట్టేశాను.