చేను మేసిన ఇల్లు

కారు దిగేదాన్ని కాదు.
ఆ రోజుల్లో మాలో ఎవరూ దిగేవాళ్ళు కాదు.
వైపర్లు వానను అటూ ఇటూ నెట్టేస్తుంటే
అద్దంలోంచే ఇంటిని చూసి, పొగగొట్టాలు లెక్కపెట్టి
ఒళ్ళో కాగితం మీద ఒక అంకె వేసేదాన్ని.
రోజుకు పద్నాలుగు ఇళ్ళు.
ఐర్లండులో, లీట్రిమ్‌లో, ఇళ్ళకు విలువ కట్టడం నా ఉద్యోగం.

ఆ అంకె ఎక్కడిదంటారా?
పక్కింటి అంకె.
పక్కింటి అంకె పోయిన నెల నేనే వేసింది.
దానికి ఇంకాస్త కలిపేదాన్ని,
బ్యాంకు కుర్రాడు కీరన్ మొహం చిన్నబోకుండా.

మలాకీ గఫ్నీ పొలం బాగా గుర్తుంది.
తొమ్మిదెకరాల చిత్తడి. తుంగ తప్ప మొలవదు.
ఆవు అడుగేస్తే గిట్ట దిగబడేది,
పైకి లాగితే బురద ముద్దు పెట్టినట్టు చప్పుడు.
వాళ్ళ నాన్న దాన్ని ఒక కోడెదూడా ఒక పాత సైకిలూ ఇచ్చి కొన్నాడు.
మలాకీ పదహారు లక్షల యూరోలకు అమ్మాడు.
ఈ మధ్యలో ఆ నేల ఏం చేసింది?
పడుకుంది. తడిసింది.
ఎవరో పక్కన రోడ్డు వేశారు, ఎవరో బడి కట్టారు,
ఇల్లు కడితే పన్ను తగ్గిస్తామని రాజధానిలో ఎవరో సంతకం పెట్టారు.
అన్నీ వెళ్ళి దాని ఒళ్ళోనే పడ్డాయి.

ఇటుక ధర నాకు తెలుసు. అంతగా మారలేదు.
పోలండు నుంచి వచ్చిన లెషెక్ గోడలు నున్నగా మెత్తినందుకు
గంటకు పద్దెనిమిది. అదీ మారలేదు.
మారింది అడుగున ఉన్న బురద.

కంచే చేను మేసిందంటారు.
ఇక్కడ చేనే లేచి
ఇంటిని మేసింది.

నేల ధర పెరుగుతోందని బ్యాంకు అప్పిచ్చింది.
బ్యాంకు అప్పిస్తోందని నేల ధర పెరిగింది.
ఈ రెండు వాక్యాల మధ్య తాడు కట్టి
నలభై రెండు ఇళ్ళు ఆరేశాం.

బ్రోనా నర్సు. టొమాస్ స్కూలు బస్సు నడిపేవాడు.
గోడలు లేవకముందే, బొమ్మ చూసి,
పదిహేడో నంబరు కోసం రాత్రంతా వరసలో కూర్చున్నారు,
మడత కుర్చీ, ఫ్లాస్కులో టీ.
తెల్లారేసరికి ధర ఇరవై వేలు ఎగబాకింది.
ఏడుస్తారనుకున్నాను. నవ్వారు.
"కొనకముందే ఇంత పెరిగితే
కొన్నాక ఇంకెంత పెరుగుతుందో!"

నేనేమీ అనలేదు.
నాకూ రెండు ఫ్లాట్లు ఉండేవి బల్గేరియాలో,
నేనెన్నడూ చూడని సముద్రం ఒడ్డున.

ఎప్పుడు మొదలైందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు.
టీవీలో ఏదో విదేశీ బ్యాంకు పేరు చెప్పారు, కానీ అది తర్వాత.
అంతకు ఏడాది ముందే, ఒక మంగళవారం,
నా ఫోను మోగలేదు.
బుధవారం మోగింది. కీరన్, గొంతు తగ్గించి:
"ఆ అంకె కొంచెం తగ్గించగలవా?"

అప్పుడర్థమైంది, మేం కొన్నది ఇల్లు కాదు.
మాకంటే ఎక్కువిచ్చే రేపటి మనిషిని కొన్నాం.
వాడు రాలేదు.

వాడు రాలేదని సిమెంటు లారీ రాలేదు.
లారీ రాలేదని డింప్నా సాండ్‌విచ్‌లు అమ్ముడుపోలేదు.
డింప్నా జుట్టు కత్తిరించుకోవడం మానేసింది.
లెషెక్ గరిటె కడిగి, గుడ్డలో చుట్టి
ఓడెక్కాడు.
ఇంటి అప్పు ఎన్నడూ చేయనివాళ్ళకే
ముందుగా పని పోయింది.

ఈ మార్చిలో అటు వెళ్ళాను.
నలభై రెండింటిలో ఒక్క కిటికీలో దీపం. పదిహేడు.
ఇరవై నాలుగో నంబరు ముందుగదిలో తుంగ నడుమెత్తు పెరిగింది.
దాని వెనక మలాకీ ఆవులు,
అమ్మేసిన పొలంలో, అడిగేవాళ్ళు లేక.

బ్రోనా తలుపు తీసింది. తిట్టలేదు.
"ఇప్పుడెంత చేస్తుంది?" అనడిగింది,
జ్వరం ఎంతుందో అడిగినట్టు.

మొదటిసారి కారు దిగాను.
బూటు మడమదాకా దిగబడింది.
పైకి లాగితే
అదే చప్పుడు.