పడుకుని వచ్చే చెట్టు

అంశం ఎవరు పెట్టారో గాని
"మీ ఇంటి ముందు చెట్టు" అని పెట్టారు.
మూడు దేశాల బడులకు ఒకే ఉత్తరం,
ఒకే కొలత కాగితాలు, పన్నెండేసి రంగుల పెట్టెలు.

మా హ్వాల్బాలో ఇంటి ముందు గడ్డి ఉంటుంది.
ఇంటి పైకప్పు మీదా గడ్డే.
గొర్రె ఉంటుంది, గొర్రెను తోసుకుంటూ గాలి ఉంటుంది.
ఆ గాలికి నిలబడ్డ చెట్టును
అరవై ఒక్క ఏళ్ళలో నేను చూసింది లేదు.
పాస్టరు గారి గోడ చాటున ఒకటుంది గాని
గోడ దాటి తల ఎత్తినప్పుడల్లా
గాలి వచ్చి క్రాపు చేసి పోతుంది.

పిల్లలు రెండు రోజులు పెన్సిళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నారట.
ఒకడు పడవ తెరచాప కొయ్య గీసి ఆకులు తొడిగాడు.
ఒక పిల్ల వాళ్ళమ్మ బట్టలారేసే గుంజ గీసి
"దీనికి చొక్కాలు కాస్తాయి" అని రాసింది.

నాది తగిలించే పని.
ప్రదర్శన పాత ఉప్పు కొట్టులో.
పెళ్ళికి ముందు ఇక్కడే చేపలకు ఉప్పు పట్టించేదాన్ని,
గోడను నాకితే ఇప్పటికీ ఉప్పగానే ఉంటుంది.
మేకు కొడితే వారానికే తుప్పు,
అందుకని వల తాడు కట్టి కర్ర క్లిప్పులు తెచ్చాను.

గాబన్ నుంచి వచ్చిన కట్ట విప్పగానే
కొట్టంతా పచ్చబడింది.
ఎన్‌జోలే పిల్లల్ని ఇంటి ముందు చెట్టేదని అడగడం
మమ్మల్ని ఇంటి ముందు అల ఏదని అడగడమే.
కాగితం చాలక వెనక్కి తిప్పి కూడా పూశారు.

వాటి మధ్య ఒక్కటే గోధుమరంగు.
ప్రిస్కా ఆంగిలే, పదేళ్ళు.
నది. నది నిండా దుంగలు,
డబ్బాలో చేపల్లా వరసగా.
ఒక్కో దుంగ కొసన తెల్లరంగుతో అంకె:
నలభై ఆరు, నలభై ఏడు, నలభై తొమ్మిది.
కింద ఫ్రెంచిలో ఒక ముక్క. టీచరమ్మ చదివి చెప్పింది:
"ఇవి మా ఇంటి ముందు చెట్లు. వెళ్ళిపోతున్నాయి."

మళ్ళీ లెక్కపెట్టాను.
నలభై ఎనిమిది లేదు.

మా కట్టలో అట్టడుగున రన్‌వా బొమ్మ.
బూడిదరంగు రాళ్ళు, రాళ్ళ మీద ఒక మాను.
వేరు లేదు, కొమ్మ లేదు, బెరడు లేదు.
దాని మీద కూర్చుని తాత కత్తి నూరుకుంటున్నాడు.
"మా ఊరికి చెట్టు పడుకుని వస్తుంది.
తాత దాన్ని తలుపు చేస్తాడు."

నిజమే.
మా పడకగది దూలం సముద్రం ఇచ్చిందే.
నేను పుట్టిన మంచమూ అంతే.
ఇచ్చిన చేతినే చూశాం,
ఎక్కడ నరికారని ఏనాడూ అడగలేదు.

రేవు కాసే హెర్గేర్‌కు రెండు బొమ్మలూ చూపించాను.
తల అడ్డంగా ఊపాడు.
"మనకొచ్చేవి సైబీరియా నదులవి, మంచుతో పాటు దిగుతాయి.
ఆ వేడినీళ్ళ మాను ఇంత దూరం రాదు,
దారిలోనే పురుగు తొలిచేస్తుంది."
నీటి నడక తెలిసిన మనిషి. ఎదురు చెప్పలేదు.
రెండింటినీ పక్కపక్కనే తగిలించాను.

మూడో కట్ట, గోబీ వైపు బడిది, ఇంకా రాలేదు.
వాళ్ళ కోసం మూడు బారల తాడు ఖాళీగా వదిలాను.
చూడవచ్చిన వాళ్ళలో కొందరు
ఆ ఖాళీ ముందు కూడా కాసేపు నిలబడ్డారు, మర్యాదకు.

రన్‌వా ప్రిస్కా బొమ్మ దగ్గరే ఉండిపోయింది.
"ఈ అంకెలు చెట్ల వయసులా?"
"కాదే."
"పేర్లా?"
నాకు దగ్గొచ్చింది.

తెల్లారి తాళం తీశాను.
రన్‌వా బొమ్మలో మాను కొసన
తెల్లగా ఏదో ఉంది.
గోడ ఉప్పు పూసిందో,
సుద్దముక్క చేసిన పనో,
కళ్ళద్దాలు ఇంట్లో మరిచాను.

తుడవడం నా పనే.
తుడవలేదు.