నలభై గ్రాములు

శనివారం. మాలకొండ బస్సులు నిండుగా పోతున్నాయి.
కందుకూరు పామూరు రోడ్డులో మా సూపర్‌మార్కెట్‌కి
ఏసీ చప్పుడొక్కటే గిరాకీ.
పోకూరు పెంచలమ్మ పెరుగు తట్ట బయట దించి
చెప్పులు గుమ్మంలో విడిచి
(ఎన్నిసార్లు వద్దన్నా విడిచే వస్తుంది)
బిల్లు బల్ల మీద ఒక పొట్లం పెట్టింది.

"ఇందులో పెరుగుందంట గదా మస్తాన్‌బీ.
మా మనవరాలు నా పెరుగు ముట్టదు, దీనికి పొర్లి ఏడస్తది.
ఈ సన్నక్షరాలు కాస్త చదివి పెట్టు."

ముందువైపు మట్టి కుండ బొమ్మ,
అంచు దాటి జారే మీగడ,
అందులోకి దూకుతున్న ఎండుద్రాక్షలు.
వెనక, మడత కింద, చీమల బారు.

చదివాను.
మొదటి పేరు చక్కెర.
రెండోది పామ్ గింజల నూనె, గడ్డకట్టించినది.
ఆ తర్వాత ద్రాక్ష. ఆ తర్వాత పాల విరుగుడు పొడి.
ఎక్కడో ఆయాసపడుతూ పెరుగు పొడి,
నూటికి రెండు పాళ్లు.
మెరుపు కోసం ఇంకేదో. దానికి పేరు లేదు, నంబరుంది.

"ఎక్కువున్నది ముందు రాస్తారు పెంచలమ్మా,
తక్కువున్నది చివర."
"అంటే బంతిలో కూచోబెట్టినట్టా?
పెరుగుని తీసకపోయి ఎంగిలాకుల కాడ కూచోబెట్టినారే!"

నలభై గ్రాముల్లో చక్కెర ఇరవై ఆరు.
కొవ్వు ఏడు. మాంసకృత్తులు ఒకటి.
కాల్షియం, ఉందని చెప్పుకోవడానికి.
గ్రాములు ఆమెకు ఎక్కలేదు.
గిద్దల్లో చెప్పమంది.
కాటా మీద కాగితం పరిచి చక్కెర పోశాను.
పది. పదిహేను.
"చాల్లే పాపా."
ఇరవై.
"ఇంకానా?"
ఇరవై ఆరు దగ్గర చెయ్యి ఆపాను.
పొద్దునొక మాత్ర, రాత్రొక మాత్ర మింగే మనిషి
ఆ కుప్పను వేలితో తాకి
వేలు కొంగుకు తుడుచుకుంది.

"మరి చేమిరి ఏదీ?
చేమిరి ఎయ్యకుండా పెరుగెట్టయింది?"
పొట్లం తిప్పితిప్పి చూశాను.
తొమ్మిది నెలలు చెడదని మాత్రం ఉంది.
"తొమ్మిది నెల్లు పులవదా!
నాది మధ్యాన్నం మూడయితే నా మాటే ఇనదు."

కాసేపు ఆ కుండ బొమ్మనే చూసింది.
"మా ఆయన పొగాకు బేళ్లు కట్టేవోడు.
పైన నిమ్మపండు రంగాకు, లోపల మడ్డాకు.
వేలంలో కొనేవోడు చెయ్యి దూర్చి లాగితే
మాకు రెండు నెల్లు తిండి సయించేది కాదు.
ఇది తిరగేసి కట్టిన బేలు.
లోపలుండే ద్రాచ్చే మేలు, పైదే మడ్డి."

నవ్వుతూ అడిగాను, నీ పెరుగులో నీళ్లెన్ని పాళ్లని.
నవ్వలేదు.
"ఎండాకాలం బర్రె వట్టిపోతే కలపతా.
కలిపిన రోజు నా మొహాన రాసుంటది.
సన్నక్షరాల్తో కాదు."

అయినా కొంది.
నలభై రూపాయలు, అన్నీ చిల్లర,
పెరుగు వాసన నాణేలు.
"గోటితో పైది గీరి లోపలిది పెడతా.
ఏడుపుకి ఏం జెప్పేది పాపా?"
తట్ట నెత్తికెత్తుకుంది.
అద్దం తలుపు తనంతట తానే మూసుకుంది.

తర్వాత తలనీలాలు ఇవ్వబోయే పెద్దాయన ఒకాయన
బస్సు ఆపించి దిగొచ్చాడు, అరకిలో కందిపప్పుకి.
తూచాను, కట్టాను, ఇచ్చాను.
బస్సు కదిలాక చూసుకుంటే
కాటా మీద ఆ కాగితం, ఆ చక్కెర అట్లాగే ఉన్నాయి.
ఇరవై ఆరు గ్రాముల పప్పు తక్కువగా
కొండకు పోతోంది.
పొట్లం మీద అరకిలో అని స్టిక్కరు
నేనే అంటించాను, వంకర లేకుండా.